అవమానానికి వారసులు లేరా?

కోయిలకుంట్ల తీర్పును ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి చదివితే

చనిపోయిన మనిషి తరఫున కోర్టుకు పోయే దావాల గురించి దళిత ఉద్యమంలో చర్చ చాలా తక్కువ. హత్య జరిగితే కేసు, శిక్ష, ఎక్స్‌గ్రేషియా - ఈ మూడింటి దగ్గరే మన మాట ఆగిపోతుంది. పోయినవానికి బతికుండగా జరిగిన అన్యాయం ఏమైపోతుంది, దాన్ని అడిగే హక్కు ఎవరికి మిగులుతుంది అనే ప్రశ్నను లాయర్లకు వదిలేశాం. ఇది అట్లా వదిలేయదగిన ప్రశ్న కాదని మా వాదన. అందుకోసం రాయలసీమలో పుట్టి సుప్రీం కోర్టు దాకా పోయిన ఒక తీర్పును తీసుకుంటున్నాం. దాన్ని మెచ్చుకుంటూ రాసినవి చాలా ఉన్నాయి. కడప జిల్లా మాలవాడ, మాదిగవాడ నుంచి చూస్తే ఆ తీర్పు ఎట్లా కనిపిస్తుందో చెప్పడమే ఇక్కడ మా పని.

తీర్పు ఏం చెప్పింది

జమ్మలమడుగు నుంచి ఉత్తరంగా పోతే కోయిలకుంట్ల వస్తుంది. అప్పట్లో అది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1977 మే 5 అర్ధరాత్రి దాటినాక, 6వ తేదీ తెల్లవారకముందే అక్కడి సబ్‌జైలు మీద దాడి జరిగింది. గదిలోకి బాంబులు విసిరారు. లోపలున్న చల్లా చిన్నప్పరెడ్డి ఆస్పత్రిలో చనిపోయాడు. అదే గదిలో ఉన్న ఆయన కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డాడు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని ముందే చెప్పినా తగినంత కాపలా పెట్టలేదని, ఈ సావుకు ప్రభుత్వ నిర్లక్ష్యమే కారణమని, 10 లక్షల రూపాయల నష్టపరిహారం ఇవ్వాలని కుటుంబసభ్యులు దావా వేశారు.

కింది కోర్టు నిర్లక్ష్యం ఉందని ఒప్పుకుంటూనే గడువు దాటిందని దావా కొట్టేసింది. 1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని తిరగ్గొట్టి 1,44,000 రూపాయలు, వడ్డీతో సహా, ఇవ్వమంది. ప్రభుత్వం సుప్రీం కోర్టుకు పోయింది. జైలు నడపడం సార్వభౌమాధికారంలో భాగం, ఆ పనిలో జరిగిన తప్పుకు మేము బాధ్యులం కాము అనేది ప్రభుత్వ వాదన. 1965 నాటి కస్తూరిలాల్ తీర్పును అడ్డం పెట్టుకుంది. 2000 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని, 21వ అధికరణ ఇచ్చిన ప్రాణ హక్కు ముందు సార్వభౌమ రక్షణ అనే పాత కవచం పనికిరాదని చెప్పింది. రాజు తప్పు చెయ్యడు అనే ఇంగ్లీషు సూత్రానికి మన న్యాయశాస్త్రంలో చోటు లేదని తేల్చింది.

సావు 1977లో, ఆఖరి తీర్పు 2000లో. మధ్యలో 23 ఏళ్లు. దావాలో మొదటి వాది ఈలోగా కోయిలకుంట్ల నుంచి శాసనసభకు గెలిచాడు. 23 ఏళ్లు ఒక దావాను మోయాలంటే భూమి కావాల, మనుషులు కావాల, ఊళ్లో నిలబడే శక్తి కావాల. ఈ తీర్పు వల్ల వచ్చిన సూత్రం అందరిదీ. ఆ సూత్రం దాకా నడవగలిగిన కాళ్లు మాత్రం అందరివీ కావు. ఈ మాట చెబుతున్నది ఆ కుటుంబాన్ని తప్పు పట్టడానికి కాదు. తండ్రి పోయిన కొడుకు కోర్టుకు పోవడం న్యాయమే. అదే సబ్‌జైల్లో అదే రాత్రి ఒక మాదిగ కూలి చనిపోయి ఉంటే ఈ తీర్పు పుట్టేదా అనేదే మా ప్రశ్న.

పుట్టే అవకాశం అసలే లేదని కూడా అనలేం. ఒరిస్సాలో 22 ఏళ్ల సుమన్ బెహరా పోలీసు కస్టడీ తర్వాత రైలు పట్టాల మీద శవమై దొరికితే, తల్లి నీలబతి రాసిన ఉత్తరాన్నే సుప్రీం కోర్టు పిటిషన్‌గా తీసుకొని 1993లో లక్షన్నర ఇప్పించింది. అంటే పేదతల్లికి ఒక్కోసారి తలుపు తెరుచుకుంటుంది. ఆ ఒక్కోసారి మీద ఒక జాతి మొత్తం ఆధారపడలేదు.

రెండు సూత్రాలు: ఒకటి పోయింది, ఒకటి మిగిలింది

కోయిలకుంట్ల తీర్పు ఒక ఇంగ్లీషు సూత్రాన్ని పారేసింది. దాని పక్కనే ఇంకో ఇంగ్లీషు సూత్రం ఉంది: మనిషికి జరిగిన హాని మీద దావా ఆ మనిషితోనే సచ్చిపోతుంది. ఇది ఇంకా మన చట్టంలో బతికే ఉంది.

వరుసగా చూద్దాం. 1855లో కంపెనీ ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. ఒకటి, ఇతరుల తప్పు వల్ల మనిషి చనిపోతే అతని మీద ఆధారపడిన భార్య, భర్త, బిడ్డలు, తల్లిదండ్రులు నష్టపరిహారం అడగొచ్చని చెప్పింది. రెండోది, చనిపోయినవానికి బతికుండగా జరిగిన తప్పు మీద వారసులు దావా వెయ్యొచ్చంది. అయితే ఆ తప్పు అతని ఆస్తికి డబ్బు నష్టం కలిగించి ఉండాల, సావుకు ముందు ఏడాదిలోపల జరిగి ఉండాల. ఆ తర్వాత 1925 నాటి భారత వారసత్వ చట్టం 306వ సెక్షన్ వచ్చింది. చనిపోయిన మనిషికి ఉన్న దావా హక్కులన్నీ అతని ప్రతినిధులకు వస్తాయని మొదట చెప్పి, వెంటనే మినహాయింపులు పెట్టింది: పరువు నష్టం, మీదికి చెయ్యెత్తి రావడం, సావుకు కారణం కాని ఇతర వ్యక్తిగత హాని. ఈ మూడూ మనిషితోనే పోతాయి.

వ్యక్తిగత హాని అంటే ఒంటికి తగిలిన దెబ్బ ఒక్కటేనా? కాదని మద్రాసు హైకోర్టు ఫుల్‌బెంచి 1921 రిపోర్టుల్లో ఉన్న ఒక తీర్పులో చెప్పింది. కడప అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేది. దొంగ కేసు పెట్టించి వేధించినందుకు వేసిన దావా కూడా వాది చనిపోతే పోతుందని ఆ తీర్పు సారం. 1986 రిపోర్టుల్లో ఉన్న ఒక కేరళ కేసులో సుప్రీం కోర్టు పరువు నష్టం దావా విషయంలో అదే దారి పట్టింది. అందులో ఒక సంగతి బాగా గమనించాల. వాది బతికుండగానే డిక్రీ తెచ్చుకొని ఉంటే ఆ డబ్బు అతని ఆస్తిలో కలిసిపోతుంది, అప్పుడు వారసులు దాన్ని కాపాడుకోవచ్చు. డిక్రీ రాకముందే పోతే ఏమీ లేదు. అంటే అవమానం డబ్బుగా మారినాకనే వారసత్వం అవుతుంది. అవమానంగా ఉన్నంతకాలం దానికి వారసులు లేరు.

ఈ సూత్రం కులం పేరెత్తదు. చూడ్డానికి అందరికీ సమానమే. ఎవరికి ఏం జరుగుతుందో చూస్తేనే తేడా తెలుస్తుంది. ఆస్తిపరునికి జరిగే అన్యాయం ఎక్కువగా ఆస్తి మీదనే జరుగుతుంది: గట్టు జరపడం, అప్పు ఎగ్గొట్టడం, వాటా తినడం. అవన్నీ వారసులకు దక్కుతాయి. దళితునికి జరిగే అన్యాయంలో పెద్ద భాగం ఒంటి మీద, పేరు మీద, మర్యాద మీద జరుగుతుంది: కులం పేరుతో తిట్టడం, రచ్చబండ కాడ చెప్పుతో కొట్టడం, దొంగతనం అంటగట్టి స్టేషన్‌కు పంపడం. చట్టం సరిగ్గా ఈ రకాన్నే ఏరి సమాధిలో పెడుతుంది. ఆస్తి ఉండనీయని సమాజం ఒకవైపు, ఆస్తి నష్టానికి తప్ప వారసత్వం ఇవ్వని చట్టం ఇంకోవైపు. రెండూ కలిస్తే దళితుని సావు అవతలివానికి అప్పు రద్దయినట్టు అవుతుంది.

ఇంగ్లండు ఈ రెండు సూత్రాలనూ ఎప్పుడో సవరించుకుంది. దావా మనిషితో పోతుందనేదాన్ని 1934లోనే, పరువు నష్టం లాంటివి తప్ప, రద్దు చేసుకుంది. రాజు తప్పు చెయ్యడనేదాన్ని 1947లో. అక్కడినుంచి తెచ్చుకున్న మనం ఒకదాన్ని కోర్టులో పారేసి రెండోదాన్ని పుస్తకంలో దాచుకున్నాం.

అయితే అత్యాచారాల నిరోధక చట్టం ఉంది కదా అనొచ్చు. ఉంది. 1989 నాటి ఆ చట్టం కింద కేసును ప్రభుత్వం నడుపుతుంది కాబట్టి ఫిర్యాది చనిపోయినా కేసు కాగితం మీద బతికే ఉంటుంది. 2015 సవరణ బాధితుడు అనే మాటలో బంధువులను, వారసులను కూడా చేర్చింది. ఇది పెద్ద విజయం. కానీ కోర్టు గదిలో జరిగేది వేరు. కులం పేరుతో తిట్టించుకున్న మనిషి సాక్ష్యం చెప్పకముందే జ్వరంతోనో గుండెపోటుతోనో పోతే అతని ఫిర్యాదు మరణ వాంగ్మూలం కింద చెల్లదు. తిట్టుకూ సావుకూ సంబంధం లేదు కాబట్టి. పక్కన విన్నవాళ్లు ఊరి పెద్దలకు ఎదురు చెబితే తప్ప కేసు నిలవదు. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో, వీలైనంతవరకు, విచారణ ముగించాలని చట్టంలోనే రాసుకున్నారు. కేసు ఏండ్లకేండ్లు లాగితే ముద్దాయి తరఫున వాదించే లాయర్ల జాబితాలో ముసలితనం కూడా చేరుతుంది.

ప్రొద్దుటూరు: దెబ్బలో తేడా

ప్రొద్దుటూరు అంటే బంగారం, పత్తి. చుట్టుపక్కల పల్లెల కూలీలు ఆటోల్లో, ట్రాక్టర్లలో పనికి పోతారు. దారిలో బండి తిరగబడితే వాళ్ల వారసులు ప్రమాదాల ట్రిబ్యునల్‌గా కూర్చునే జిల్లా అదనపు కోర్టుకు వస్తారు. చనిపోయిన దళితుని తరఫున మనవాళ్లు వేసే దావాల్లో అందరికీ తెలిసిన రకం ఇదే.

ఇక్కడ లెక్క ఎట్లా కడతారో చూడాల. పోయినవాని నెల ఆదాయం, వయసును బట్టి గుణకం, సొంత ఖర్చు కింద కోత. కూలికి జీతం చీటీ ఉండదు కాబట్టి ఆదాయం జడ్జి ఊహ. 2004లో జరిగిన ప్రమాదం మీద ఒక కూలి కేసులో సుప్రీం కోర్టు 2011లో నెలకు 4,500 రూపాయలు ఒప్పుకున్నాక కింది కోర్టుల్లో కాస్త కదలిక వచ్చింది. 2017లో ప్రణయ్ సేథీ తీర్పు ఇంకో మెట్టు ఎక్కించింది. 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి మనిషికి భవిష్యత్తు పెరుగుదల కింద ఆదాయానికి 40 శాతం కలపమంది. జీవిత భాగస్వామిని కోల్పోయినందుకు 40,000, అంత్యక్రియలకు 15,000, ఎస్టేటు నష్టం కింద 15,000 అని ఖాయం చేసింది, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమంది. ఎస్టేటు అనే మాట మన ఇళ్లలో ఎవరూ అనరు. మనకు తెలిసిన ఎస్టేట్లు జమీందార్లవి. ఆ 15,000 మాత్రం మాదిగ కూలికీ షావుకారుకీ ఒకటే. ఈ దేశంలో సచ్చినాక దొరికే అరుదైన సమానత్వం ఇది.

ఆ సమానత్వానికీ రంధ్రాలున్నాయి. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్ల సావుకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీం కోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. కూలీలను మోసేది ఎక్కువగా అట్లాంటి బండ్లే. అప్పుడు డిక్రీ బండి యజమాని మీద వస్తుంది. ఆ యజమాని రేపు పని ఇచ్చేవాడు. అతని మీద డిక్రీ అమలు చేయించుకోవడం ఎంతమందికి చాతనవుతుంది?

మా వాదనకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి 2019లో జరిగింది. మోటారు వాహనాల చట్టానికి పార్లమెంటు చేసిన సవరణలో 166వ సెక్షన్ కింద కొత్త మాట చేర్చారు. ప్రమాదంలో గాయపడినవాడు తర్వాత ఏ కారణంతో చనిపోయినా సరే, గాయానికి రావాల్సిన నష్టపరిహారం అడిగే హక్కు వారసులకు వస్తుంది. సావుకూ గాయానికీ సంబంధం ఉందా లేదా అని అడగకూడదు. అంటే 1925 నాటి సూత్రాన్ని రోడ్డు ప్రమాదాల వరకు పార్లమెంటే తీసేసింది. ఆకాశమేమీ విరిగి పడలేదు. కోర్టులు మునిగిపోలేదు. మరి లారీ కొట్టిన దెబ్బకు వారసులున్నప్పుడు, కులం కొట్టిన దెబ్బకు ఎందుకు లేరు? దీనికి న్యాయశాస్త్రంలో సమాధానం దొరకదు. అడిగినవాళ్లు లేరు, అంతే.

జమ్మలమడుగు: నువ్వు ఎవరి బిడ్డవని అడిగే కాగితం

వారసుడు దావా వెయ్యాలంటే ముందు తాను వారసుడినని నిరూపించుకోవాల. జమ్మలమడుగు ప్రాంతంలో గండికోట జలాశయం కింద ఊళ్లు మునిగినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసొచ్చింది. కొండాపురం మండలంలో తాళ్ల ప్రొద్దుటూరు లాంటి ఊళ్లు 2020లో ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. భూమికైనా ఇంటికైనా పరిహారం పేరున్నవానికి వస్తుంది. పేరున్నవాడు ఎప్పుడో పోయుంటే ముందు మరణ ధృవపత్రం, దాని తర్వాత కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, దాని మీద అభ్యంతరాలు.

డీకేటీ పట్టా సంగతి చూడండి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద ఆ భూమి వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. మాలో చాలామంది ఇళ్లలో తాత పేరు మీద ఉన్న పట్టా ఒక్కటే కుటుంబపు ఎస్టేటు. అందులో పేరు ఓబయ్య. రేషన్ కార్డులో ఓబులేసు. ఆస్పత్రి చీటీలో ఓబన్న. అడంగల్‌లో ఓబిగాడు. నాలుగు పేర్లూ ఒకే మనిషివని ఊరి రెవెన్యూ అధికారి రాయాల. రికార్డులో గాడు అని రాసిన గుమాస్తా అవమానం మీద దావా లేదు. ఆ అవమానం వల్ల పేరు కలవక భూమి పోతే అది మాత్రం వారసుల తప్పు! 2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమికి యాజమాన్య హక్కు దారి తెరిచింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. ఈ గందరగోళంలో మొదట నష్టపోయేది పట్టాదారు పోయి, వారసుల పేర్లు ఎక్కని కుటుంబాలే.

జమ్మలమడుగుకు ఇంకో ప్రత్యేకత ఉంది. లండన్ మిషన్ వాళ్లు ఇక్కడ గుడి, బడి పెట్టారు. క్యాంబెల్ ఆస్పత్రి ఇప్పటికీ ఆ పేరుతోనే తెలుసు. మాల మాదిగల్లో చాలామంది తాతల కాలం నుంచే ప్రభువును నమ్మినవాళ్లు. ఆదివారం ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్‌లో ఒక పేరు. మనిషి బతికున్నంతకాలం ఇది నడుస్తుంది. పోయినాక కోర్టు అడుగుతుంది: ఇతని మతం ఏది? హిందువు అయితే 1956 చట్టం ప్రకారం భార్య, బిడ్డలతోపాటు తల్లికీ వాటా వస్తుంది. క్రైస్తవుడైతే 1925 చట్టం ప్రకారం భార్యకు మూడోవంతు, మిగిలింది బిడ్డలకు. బిడ్డలుంటే తల్లికి ఏమీ రాదు. అర్జీలో మతం గడి నింపేది లాయరు గుమాస్తా. ముసలితల్లి వాటా కోసం ఒక మాట రాస్తే ఒక చిక్కు, బిడ్డల కోసం ఇంకో మాట రాస్తే ఇంకో చిక్కు.

ఎందుకంటే ఆ గడి అక్కడితో ఆగదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లే షెడ్యూల్డు కులం. మతం మారినవారు అత్యాచారాల చట్టం రక్షణ అడగలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక పాస్టరు కేసులో తీర్పు చెప్పింది. కాబట్టి వారసత్వ అర్జీలో రాసిన ఒక్క మాటను తెచ్చి అట్రాసిటీ కేసులో అవతలి లాయరు చూపించగలడు. రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయినాక అతన్ని సావుకు తోసిన పరిస్థితుల మీద జరగాల్సిన విచారణ అతని తల్లి కులం మీదికి ఎట్లా మళ్లిందో మనందరం చూశాం. 2024లో బయటికొచ్చిన పోలీసు నివేదిక కూడా అతను ఎస్సీ కాదనే పాట పాడింది. దానిమీద నిరసన వచ్చాక మళ్లీ దర్యాప్తు అన్నారు. పోయినవాడు జవాబు చెప్పలేడు కాబట్టే అతని కులం మీద ఇంత ధైర్యంగా ప్రశ్న వేస్తారు.

పులివెందుల: శవానికి పెద్ద ఎవరు

పులివెందుల, వేముల పక్కన ముగ్గురాయి, రాతినార గనులు తవ్వారు. రాతినార దుమ్ము ఊపిరితిత్తుల్లో పడితే జబ్బు బయటపడ్డానికి ఏండ్లు పడుతుంది. 1986లో కొత్త లీజులు, 1993లో లీజుల పొడిగింపు కేంద్రం ఆపేసింది. గని మూతపడినాక దగ్గుతో పోయిన కూలి సావుకు జవాబు చెప్పేదెవరు? రాతినార పనివాళ్ల ఆరోగ్య రికార్డును చేరిన నాటినుంచి 40 ఏళ్లు, లేదా పని మానినాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలని సుప్రీం కోర్టు 1995లో ఆదేశించింది. వారసునికి ఆ రికార్డే దావా. పేరు మస్టర్‌లోకే ఎక్కని రోజుకూలికి రికార్డు యాడుంటుంది?

ఇది అసాధ్యమైన దావా కాదని చెప్పడానికి దక్షిణాఫ్రికా ఉదాహరణ ఉంది. అక్కడ రాతినార తవ్విన కేప్ అనే ఇంగ్లీషు కంపెనీ మీద 3,000 మందికి పైగా లండన్‌లో దావా వేశారు. మొదటి వాది రేచెల్ లూబె కేసు నడుస్తుండగానే చనిపోయింది. ఆమె ఎస్టేటు ప్రతినిధి పేరు మీదనే ఆ కేసు ముందుకు పోయింది. లండన్‌లోనే విచారణ జరగొచ్చని 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. 2003లో కంపెనీ రాజీకి వచ్చింది. మనిషి పోయినా దావా పోలేదు. వెనక సంఘం ఉంది, డాక్టరు కాగితం ఉంది, ఒక్కొక్కరుగా పోకుండా గుంపుగా పోయారు.

పులివెందులలో ఇంకో రకం సావులున్నాయి. ఫ్యాక్షన్‌లో నాయకుని వెనక నడిచిన అనుచరుల సావులు. అనుచరుల్లో మాల, మాదిగ, బీసీ కులాలవాళ్లు ఎందరో అందరికీ తెలుసు. అట్లా పోయినవాని ఇంటికి నాయకుడు కొంత డబ్బు పంపుతాడు, దినాలు చేయిస్తాడు, పిల్లవాని చదువు చూస్తానంటాడు. కేసు ఆయనే నడుపుతాడు. రెండు వర్గాలు రాజీపడిన రోజు సాక్షులు అడ్డం తిరుగుతారు. ఆ రాజీలో పోయినవాని భార్యను ఎవరూ అడగరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చట్టబద్ధ ప్రతినిధి అనే మాటకు ఇచ్చిన అర్థంలో ఒక చిత్రమైన భాగం ఉంది. చనిపోయినవాని ఆస్తిలో చెయ్యి పెట్టినవాడు కూడా ప్రతినిధే. అతన్ని బాధ్యుని చెయ్యడానికి రాసిన మాట అది. మన ఊళ్లలో అది తలకిందులుగా నడుస్తోంది. చెయ్యి పెట్టినవాడే పెద్ద, బాధ్యత మాత్రం లేదు.

అదే పులివెందులలో 2019 మార్చి 15న మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి తన ఇంట్లో హత్యకు గురైతే, ఆయన కూతురు హైకోర్టుకు, సుప్రీం కోర్టుకు పోయి నిలబడింది. 2022 నవంబరులో సుప్రీం కోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. అంత పెద్దింటి ఆడబిడ్డకే సొంత గడ్డ మీద న్యాయం దొరకదనిపించి రాష్ట్రం దాటాల్సి వచ్చింది. ఇక అనుచరుని పెండ్లాం పరిస్థితి ఏమిటి? హత్య చేసినవాళ్లు దళితేతరులైతే, పోయినవాని కులం తెలిసే చేసి ఉంటే, అట్రాసిటీ చట్టం కింద 2016 నియమాల ప్రకారం 8,25,000 రూపాయలు, నెల పింఛను, ఇంట్లో ఒకరికి ఉద్యోగం రావాల. నాయకుని ద్వారా వచ్చేది దయ. చట్టం ద్వారా వచ్చేది హక్కు. హక్కు అడిగితే నాయకునికి కోపం వస్తుందని దయతో సరిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో.

కొన్ని అభ్యంతరాలు

అవమానానికి వారసత్వం ఇస్తే శవాల మీద డబ్బులు ఏరుకుంటారని కొందరంటారు. ఆస్తి తగాదాలో పోయినవాని తరఫున మూడు తరాలు పోట్లాడితే ఎవరూ ఆ మాట అనరు. పరువు వ్యక్తిగతం, దాన్ని బదిలీ చెయ్యలేం అనేది ఇంకో వాదన. కులపు తిట్టు వ్యక్తిగతం ఎట్లా అవుతుంది? తండ్రిని కులం పేరుతో తిట్టినవాడు కొడుకునూ మనవడినీ అదే మాటతో తిట్టాడు. తిట్టు వంశానికి పాకినప్పుడు దావా మాత్రం ఒక్క మనిషితో ఎందుకు ఆగాల? మర్యాద హక్కు శవానికీ ఉంటుందని సుప్రీం కోర్టే 1995లో చెప్పింది. శవానికున్న మర్యాదను నిన్నటిదాకా ఆ శరీరంలో బతికిన మనిషి ఫిర్యాదుకు ఇవ్వకపోవడం ఏ తర్కం?

మనలో మనం చెప్పుకోవాల్సిందీ ఉంది. పోయినవాని పరిహారం వచ్చినప్పుడు మన వాడల్లోనే విధవను పక్కకు నెట్టి అన్నదమ్ములు సంతకాలు పెట్టిన సందర్భాలున్నాయి. పెండ్లయిపోయిన కూతురికి వాటా ఏందని కులపెద్దలే అంటారు. చట్టం ఆమెకు ఇచ్చిన హక్కును మన పంచాయితీ తీసేస్తే, ఊరి రెడ్డి చేసేదానికీ మనం చేసేదానికీ తేడా లేదు.

ఏం చెయ్యాల

మొదటిది, 306వ సెక్షన్ మినహాయింపు మారాల. 2019లో రోడ్డు గాయాలకు చేసిన పనిని కుల దౌర్జన్యాలకు చెయ్యమని అడగాల. దీన్ని అట్రాసిటీ చట్టంలోనే చేర్చవచ్చు. ఇప్పటిదాకా ఈ డిమాండు మన కరపత్రాల్లో లేదు. కోయిలకుంట్ల తీర్పు ఇందుకు ఆయుధం అవుతుంది. 21వ అధికరణ ముందు ఒక పాత సూత్రం నిలవకపోతే, 17, 21 అధికరణలు కలిసి నిలబడినచోట రెండో పాత సూత్రం ఎట్లా నిలుస్తుందని ఏ లాయరైనా అడగవచ్చు.

రెండోది, గడువులు. ఇవి సంఘాల గోడల మీద రాసి పెట్టుకోవాల. సావు నమోదు 21 రోజుల్లో. దావా నడుస్తుండగా వాది పోతే వారసుల పేర్లు చేర్చడం 90 రోజుల్లో. దాటి దావా పడిపోతే దాన్ని లేపడానికి ఇంకో 60 రోజులు. రోడ్డు ప్రమాదం దావా 2019 సవరణ ప్రకారం ఆరు నెలల్లో. ఆ గడువును సుప్రీం కోర్టులో సవాలు చేశారు గానీ లోపలే వేసుకోవడం క్షేమం. ఇతరుల తప్పు వల్ల జరిగిన సావు మీద 1855 చట్టం దావా రెండేళ్లలో. పోయినవాని ఆస్తికి జరిగిన నష్టం మీద ఏడాదిలో. మన భూమి దావాల్లో ఎన్నో న్యాయం మీద ఓడిపోలేదు, 90 రోజుల మీద ఓడిపోయాయి. సావు దినాల్లో కోర్టు గుర్తుకురాదు. గుర్తు చేసే పని సంఘానిది.

మూడోది, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. మండల న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టడం ప్రతి కార్యకర్తా నేర్చుకోవాల. అట్రాసిటీ కేసుల్లో ముసలి, జబ్బు ఫిర్యాదుల సాక్ష్యం ముందు తీసుకోమని మొదటి వాయిదాలోనే అడగాల.

నాలుగోది చదువుకున్నవాళ్ల పని. మేము మా ఇళ్లలో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం. మా తాతల పట్టాలను, పేర్ల తేడాలను, పోయిన తేదీలను రాసిపెట్టడం మా సెలవుల పని కావాల. ప్రతి దళితవాడలో ఒక సావుల పుస్తకం ఉండాల: ఎవరు పోయారు, ఎప్పుడు, ఎవరి మీద ఏ ఫిర్యాదు తీరకుండా పోయారు, వారసులెవరు. కోర్టు ఈరోజు ఆ ఫిర్యాదును తీసుకోకపోవచ్చు. చట్టం మారిన రోజు చూపించడానికి కాగితమైనా మన చేతిలో ఉండాల. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టుల్లో వారసులు చేరక పడిపోయిన దళితుల దావాలెన్నో లెక్క తీసే పని మేము మొదలుపెడుతున్నాం. మీ ఊరి కేసు మీకు తెలుసు. నంబరు, సంవత్సరం రాసి పంపండి.